జ్వరానికి జడిసి కొండెక్కిన కచేరీ: కోరాపుట్ ఊరు ఎలా పుట్టింది?

సాలూరు నుంచి పొట్టంగి ఘాటీ ఎక్కి, సిమిలిగుడ, సునాబెడ దాటి ఒడిశాలోని కోరాపుట్‌లో దిగిన తెలుగువారికి మొదట చలి తగులుతుంది, కాస్త స్థిమితపడ్డాక ఒక సందేహం కలుగుతుంది. జిల్లా పేరు కోరాపుట్, కలెక్టరు ఉండేది కోరాపుట్, కాగితాల మీద పడే ముద్ర కోరాపుట్. అయినా పెళ్లి బట్టలు తీయాలన్నా, సరుకు టోకున కొనాలన్నా ఇక్కడివారు సుమారు 22 కిలోమీటర్ల ఘాటీ దిగి జయపురం బజారుకే పోతారు. 2011 జనగణన ప్రకారం జయపురం జనాభా దాదాపు 85 వేలు కాగా, దాని మీద అధికారం చలాయించే కోరాపుట్ జనాభా 47 వేల పైచిలుకు మాత్రమే. జయపురానికి రాజుల కోట ఉంది, జగన్నాథసాగరమనే పెద్ద చెరువు ఉంది, చుట్టూ కనుచూపుమేర వరి మడులున్నాయి. కోరాపుట్‌కు కోట లేదు, ఊరిని ఆనుకుని పారే పెద్ద నది లేదు, పాత తీర్థం లేదు, వర్తకులు కట్టిన పేట లేదు. సాధారణంగా ఒక ఊరు పుట్టడానికి కావలసినవేవీ లేని ఈ గుట్టల మీద జిల్లా కేంద్రం ఎందుకు వెలిసిందన్న ప్రశ్నకు జవాబు ఒక జ్వరంలో ఉంది.

ఆ జ్వరం దగ్గరికి పోయేముందు నేల తీరు తెలియాలి. పాత గెజిటీర్లు (జిల్లాల వివరాలు చెప్పే సర్కారీ గ్రంథాలు) రాసినవారు ఈ ప్రాంతాన్ని అడుగుల లెక్కన మెట్లుగా విభజించారు: నందపురం, పొట్టంగి, కోరాపుట్ ఉన్నది 3,000 అడుగుల మెట్టు, జయపురం, నవరంగపూర్ ఉన్నది 2,000 అడుగుల మెట్టు, రాయగడ వైపు 1,000 అడుగులు, మల్కన్‌గిరి వైపు 500 అడుగులు. వాడుకలో అంతా కలిపి ‘కొండ మీద’ అని ఒక్క మాటతో తేల్చేస్తాం గాని, ఈ మెట్లలో ఏ మెట్టు మీద ఉన్నామన్నదాన్ని బట్టి పంట మారుతుంది, చలి మారుతుంది, ఇంటి గోడ మందం కూడా మారుతుంది. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు మనిషి దిగే చోట ఘాటీ ఉంటుంది, నీరు దిగే చోట జలపాతం ఉంటుంది. మాచ్‌ఖండ్ నది డుడుమా దగ్గర దూకేది అలాంటి మెట్టు అంచు నుంచే. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున, పై మెట్టు అంచుకు దగ్గరగా ఉంది. జయపురం కింది మెట్టున ఉంది. ఈ రెండు ఊళ్ల మధ్య తగాదా ఏదైనా ఉందనుకుంటే అది నిజానికి ఈ రెండు మెట్ల మధ్య తగాదా.

రాజులు పై మెట్టు నుంచి కిందికి దిగారు. జయపురం రాజవంశానికి పాత రాజధాని నందపురం. 32 మెట్ల సింహాసనం పేరు చెప్పుకునే శిథిలం నేటికీ అక్కడ ఉంది. 17వ శతాబ్దంలో వీరవిక్రమదేవుడు రాజధానిని నందపురం నుంచి జయపురానికి మార్చాడు. రాజుకు సైన్యం కావాలి, సైన్యానికి బియ్యం కావాలి. పై మెట్టున పండేది ఎక్కువగా చోళ్లు (రాగులు), సామలు, వలిసెలనే నూనెగింజలు. విశాలమైన వరి భూములున్న కింది మెట్టు రాజ్యాన్ని పోషించగలదు కనుక ఆ దిగుడు నాకు సహజంగానే కనిపిస్తుంది. సుమారు రెండు శతాబ్దాల తరువాత వచ్చిన తెల్ల అధికారులు దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడిచారు.

శాశ్వత శిస్తు విధానంతో జయపురం మద్రాసు ప్రభుత్వం కింద ఒక జమీందారీ అయింది. కాని కొండల్లో మైదానపు చట్టాలు నడవలేదు. 1839లో 24వ నంబరు చట్టం చేసి, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరుకు ఏజెంటుగా నియమించారు. మనవాళ్లు నేటికీ ‘ఏజెన్సీ’ అంటున్న మాట అలా పుట్టింది. ఏజెంటు పోయి చాలా కాలమైనా ఏజెన్సీ మాత్రం మిగిలింది. విశాఖపట్నంలో కూర్చుని ఇన్ని కొండలను ఏలడం కుదరక, 1863లో జయపురంలో ఒక సహాయ ఏజెంటును, పోలీసులను నిలిపారు. దొరలు జయపురంలో ఉన్నది ఏడేళ్లే. 1870లో కచేరీని, అంటే ఆ సర్కారు కార్యాలయాన్ని, కోరాపుట్‌కు ఎత్తారు. జయపురం జ్వరాల మడుగని, ఎత్తున ఉన్న కోరాపుట్ ఆరోగ్యానికి మేలైన చోటని వారు ఆశపడ్డారు.

ఆ ఆశ వెనుక ఆనాటి వైద్యశాస్త్రం ఉంది. మన్యం జ్వరం, చలిజ్వరం అని మనం పిలిచే మలేరియా అప్పటి పాశ్చాత్య వైద్యుల దృష్టిలో చెడుగాలి వల్ల వచ్చే రోగం. ఆ పేరుకు ఇటాలియన్‌లో అర్థం కూడా అదే. తడి నేల, కుళ్లిన ఆకు, నిలిచిన నీరు నుంచి లేచే ఆవిరి పల్లంలో పేరుకుంటుందని, గాలి వీచే ఎత్తున అది చేరదని వారు నమ్మారు. వేసవి రాగానే ఉదకమండలం ఎక్కే అలవాటున్న మద్రాసు దొరలకు ఆ సిద్ధాంతం ఒంటికి హాయిగా కూడా ఉండేది. అందువల్ల పల్లంలో ఉన్న జయపురం ప్రమాదకరమైనదిగా, గుట్టలమీది కోరాపుట్ క్షేమకరమైనదిగా వారికి కనిపించాయి. కచేరీ కొండెక్కిన 27 ఏళ్ల తరువాత, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. గాలి నిర్దోషి అని తేలింది, కాని అప్పటికి కోరాపుట్‌లో కట్టడాలు లేచిపోయాయి.

దోమ సంగతి తెలిశాక అసలు చిక్కు బయటపడింది. జయపురం కొండల్లో మలేరియాను ప్రధానంగా మోసేది అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే జాతి. లాటిన్‌లో ఆ మాటకు ‘ఏటికి చెందినది’ అని అర్థం. మురుగు గుంటల కంటే ఈ దోమకు ఇష్టమైనది అంచున గడ్డి పెరిగి, నెమ్మదిగా కదిలే తేటనీటి వాగు. కోరాపుట్ చుట్టూ ఉన్న నేలలో కొండ సందుల్లో ఊరే నీటిని మెట్లు మెట్లుగా నిలిపి వరి వేసే పద్ధతి తరతరాలుగా ఉంది. ఆ పొలాలను ఇక్కడ ‘ఝోలా’ అంటారు. ఎండాకాలంలోనూ తడి ఆరని ఆ ఝోలాలు రైతుకు ఎంత మేలో, ఆ దోమకూ అంతే మేలు. అంటే దొరలు పల్లపు నీటికి భయపడి ఎక్కిన మెట్టు మీద పారే నీరే రోగాన్ని మోసే దోమకు పుట్టిల్లు. 1914లో పెర్రీ అనే అధికారి ప్రచురించిన అధ్యయనం శీర్షికలోనే జయపురం కొండల మలేరియాను స్థానికంగా పాతుకుపోయిన రోగమని పేర్కొంది. డీడీటీ పిచికారీతో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైన 1953 వరకు పై మెట్టుకైనా, కింది మెట్టుకైనా గట్టి రక్షణ ఏదీ లేదు. మైదానంలోని ఇళ్లలో ఏజెన్సీకి బదిలీ అంటే ఏడుపు మొహాలు పడేవని పెద్దవాళ్లు చెప్పిన మాట ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. ఇంత జరిగినా కచేరీ దిగిరాలేదు. కారణం తప్పని తేలాక కూడా చోటు మార్చకపోవడం సర్కారీ కొలువులకు కొత్త కాదు గదా.

కచేరీ రాకముందు అక్కడ ఉన్నది ఒక చిన్న పల్లె. కొరా అనే మాటను ముష్టిచెట్టుకు ముడిపెట్టి, ముష్టిచెట్ల పల్లె అని కొందరు అర్థం చెబుతారు. ఖొర నాయకుడనే మనిషి కట్టిన పల్లె అని మరి కొందరంటారు. రెంటిలో ఏది నిజమైనా, చివరనున్న ‘పుట్’ అనేది ఊరి పేరు చివర తగిలే మాటే. లామ్‌తాపుట్, జలాపుట్ అందుకు చుట్టుపక్కల కనిపించే ఉదాహరణలు. నేటి పట్టణంలోని పేటల పేర్లు చూస్తే కూడా ఊరు పెరిగిన తీరు తెలుస్తుంది. పూజారిపుట్, లాండిగుడ వంటి పేర్లు ఒకప్పటి విడివిడి పల్లెలవి. పట్టణం వాటిని ఒక్కొక్కటిగా కలుపుకుంది. కోట చుట్టూనో, గుడి చుట్టూనో పెరిగిన ఊరికి ఒక నడిబొడ్డు ఉంటుంది, అక్కడ నుంచి వీధులు చీలుతాయి. కోరాపుట్‌కు అలాంటి నడిబొడ్డు లేదు. ఒక గుట్ట మీద కచేరీ, ఇంకో గుట్ట మీద బంగళాలు, వేరొక వాలులో ఉద్యోగుల ఇళ్లు, మధ్యలో లోయ, లోయలో పొలం. కొత్తగా వచ్చినవారికి ఊరంతా అడవిలో విసిరేసిన గచ్చకాయల్లా అనిపించడానికి, కొండవాలు వీధుల నుంచి చూసేవారికి అందంగా కనబడడానికి కారణం ఒక్కటే.

ఆ కచేరీలో రాసినవారెవరన్నది తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం. 1936 వరకు ఈ మెట్లన్నీ విశాఖపట్నం జిల్లాలో భాగం. సాలూరు మీదుగా వచ్చే ఘాటీ రోడ్డే పైకి వచ్చే ప్రధాన దారి; గుమాస్తా, పోలీసు, ఉప్పు, బట్ట, కాగితం చాలావరకు అదే దారిన ఎక్కేవి. ఉప్పు, ఎండుచేప, బట్ట తెచ్చి చోళ్లు, చింతపండు, వలిసెలు దింపే కోమట్లు జయపురం బజారులో స్థిరపడ్డారు. కలం పట్టినవారు కోరాపుట్‌లో స్థిరపడ్డారు. ఇక్కడి తెలుగులో ఉత్తరాంధ్ర యాస ఉండడానికి ఆ దారే కారణం. జయపురం సంస్థానంలోనూ తెలుగుకు గౌరవం దక్కింది. 1931 నుంచి జయపురం మహారాజుగా ఉన్న విక్రమదేవ వర్మ తెలుగు, ఒడియా రెండింటా పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత.

సరిగ్గా ఆయన కాలంలోనే హద్దు మారింది. ఒడియా మాట్లాడేవారికి ప్రత్యేక రాష్ట్రం ఏర్పరచేందుకు వేసిన ఓడొన్నెల్ సంఘం 1932లో ఇచ్చిన నివేదికలో జయపురాన్ని ఒరిస్సాలో చేర్చమని చెప్పింది. 1933 నాటి బ్రిటిష్ ప్రభుత్వ శ్వేతపత్రం దానిని పక్కన పెట్టింది. తరువాత లండన్‌లోని పార్లమెంటు ఉభయసభల సంయుక్త సంఘం జయపురాన్నీ, పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగాన్నీ తిరిగి చేర్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు ఈ కొండ మెట్లన్నీ కలిపి కోరాపుట్ జిల్లా అయ్యాయి. అన్నాళ్లూ ఒక సహాయ ఏజెంటు కూర్చున్న గుట్ట రాత్రికి రాత్రి జిల్లా కేంద్రమైంది. ఈ మార్పును తెలుగువారి నష్టంగానో, ఒడియావారి గెలుపుగానో చెప్పుకోవడం రెండు వైపులా అలవాటే. కాని ఈ మెట్ల మీద ఎక్కువమంది మాట్లాడుకున్నది మద్రాసు గుమాస్తా తెలుగూ కాదు, కటకం బడి ఒడియా కూడా కాదు. పరజా, గదబ, కోంద్, భూమియా తెగల మధ్య, సంతలో కొనేవారికీ అమ్మేవారికీ మధ్య నడిచే ఉమ్మడి నుడి ‘దేశియా’. ఒడియా కుదురు మీద పెరిగి, చుట్టుపక్కల భాషల మాటలు ఇముడ్చుకున్న ఆ నుడిని హద్దుల వాదనలో నివేదికలు రాసినవారు పట్టించుకున్నది తక్కువ. జయపురం కోమటి కొట్లో బేరం నడిచేది కూడా ఆ నుడిలోనే. సిమిలిగుడకు దగ్గరలోని కుందులి సంతలో ఒక్క పూట నిలబడితే ఈ విషయం ఏ నివేదికకన్నా బాగా తెలుస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కోరాపుట్‌కు మనుషులు జ్వరానికి భయపడి కాక, పథకాల వెంట వచ్చారు. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు తూర్పు బెంగాల్ కాందిశీకులను నవరంగపూర్, మల్కన్‌గిరి వైపు నేలల్లో స్థిరపరచింది. ఆ ప్రాజెక్టు ముఖ్య కార్యాలయం కోరాపుట్‌లో వెలిసింది. ఊరిలో డీఎన్‌కే అనే పేట పేరు దాని గుర్తే, బెంగాలీ మిఠాయి రుచి కూడా ఆ దారినే వచ్చింది. 1960ల్లో సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం పెట్టింది. అదే దశకంలో కొత్తవలస నుంచి కిరందుల్ దాకా, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపానుకు పంపడానికి, సొరంగాల వెంట సొరంగాలు తవ్వి రైలు మార్గం వేశారు. రాయగడకు 1931లోనే రైలు వచ్చినా, దశాబ్దాల పాటు పట్టాలు లేని కోరాపుట్‌కు రైలు తెచ్చింది ఆ ఖనిజమే. రాయగడ, కోరాపుట్ మధ్య పట్టాలు కలిసింది 1990ల్లో. 1981లో ఏర్పడిన ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో పంచపట్మాలి కొండ నెత్తిన ఉన్న బాక్సైట్‌ను తవ్వి దామన్‌జోడిలో శుద్ధి చేస్తున్నది. ఈ పథకాలన్నీ కోరాపుట్‌ను ఆనుకుని పెరిగాయే గాని కోరాపుట్‌లో కలిసిపోలేదు. ప్రతి కర్మాగారం తనకొక కాలనీ, బడి, ఆసుపత్రి, క్లబ్బు తానే కట్టుకుంది. కచేరీ తనకొక గుట్ట ఎంచుకున్న పద్ధతినే అవీ పాటించాయి.

ఊరికి ఒక నడిబొడ్డు దొరికింది చాలా ఆలస్యంగా. పట్టణంలో ఎత్తైన చోటున కనిపించే తెల్లని జగన్నాథ ఆలయం చూసి, దాని పేరు సబర శ్రీక్షేత్రమని విని, ఇది రాజుల కాలపు గుడి అనుకునేవారు ఎక్కువ. అది 1970ల్లో వెలిసిన గుడి. ఊరికంటే గుడి వయసు వంద ఏళ్లు చిన్నదన్నమాట. కులం, తెగ భేదం లేకుండా ఎవరైనా లోపలికి వచ్చి దర్శనం చేసుకోవచ్చన్నది దీని నియమం. పక్కనే గిరిజన సంస్కృతిని చూపే ప్రదర్శనశాల కూడా ఉంది. పూరీ స్థలపురాణంలో జగన్నాథుడు మొదట నీలమాధవుడై సవర (ఒడియాలో సబర) తెగ పెద్ద విశ్వావసువు పూజలందుకున్నాడు. ఆ దేవుణ్ణి తిరిగి కొండవారి దగ్గరికి తెచ్చామన్న భావం ఈ పేరులో ఉంది.

ఇక్కడ ఒక చిన్న సవరణ అవసరం. సవరల అసలు నేల ఇక్కడికి తూర్పున, గుణుపురం, పర్లాకిమిడి, శ్రీకాకుళం కొండలు. పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చిన సంగతి తెలుగువారికి తెలిసినదే. కోరాపుట్ చుట్టూ ఎక్కువగా ఉండేది పరజాలు, గదబలు, కోందులు. కనుక ఈ పేరులోని సబర శబ్దం ఒక తెగను కాక, కొండవారందరినీ కలిపి చెప్పే ఒడియా పురాణపు మాటగా తీసుకోవాలి. అలా చూస్తే గుడికి దాని పేరు తగినదే. కచేరీ ఏర్పడ్డ వంద ఏళ్లలో కొండవాడు ఈ గుట్టల మీదికి వచ్చింది ఎక్కువగా దరఖాస్తు పట్టుకునో, సాక్ష్యం చెప్పడానికో, సంకెళ్లతోనో. రథయాత్ర నాడు, నవంబరులో ‘పరబ్’ ఉత్సవం నాడు అదే మనిషి ఈ వీధుల్లో తాడు లాగడానికి, డోలు వాయించడానికి వస్తాడు. ఊరి స్వభావంలో ఇంత పెద్ద మార్పు మరేదీ రాలేదని నా అభిప్రాయం. దాన్ని కచేరీ తేలేదు.

పై మెట్టుకూ కింది మెట్టుకూ ఉన్న తేడా ఈ కాలంలో మరో రూపంలో పనికొచ్చింది. కొలాబ్ నది పై మెట్టు మీద పారి, అంచు దాటి జయపురం వైపు దిగుతుంది. ఎగువ కొలాబ్ ఆనకట్ట ఆ నీటిని కోరాపుట్ పక్కన, ఊరితో దాదాపు సమానమైన ఎత్తున నిలుపుతుంది; అక్కడ నుంచి కిందికి వదిలిన నీటితో 320 మెగావాట్ల కేంద్రం విద్యుత్తు తీస్తుంది, ఆ తరువాత అదే నీరు జయపురం వరి మడులకు పారుతుంది. దొరలు గాలి కోసం ఎంచుకున్న ఎత్తును ఇంజనీర్లు నీటి కోసం వాడుకున్నారు. కోరాపుట్ గుట్టల నుంచి చూస్తే కనిపించే ఆ నీలిరంగు విస్తారం యాత్రికులకు సరస్సుగా కనిపించినా, దాని అడుగున మునిగిన పల్లెల వారికి అది ఇప్పటికీ ఝోలాయే.

1992లో కోరాపుట్ జిల్లాను నాలుగు ముక్కలు చేసి రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలను విడదీశారు. సుమారు 27 వేల చదరపు కిలోమీటర్ల జిల్లాలో కోరాపుట్‌కు మిగిలినది 8,800 పైచిలుకు. పాత గెజిటీరు లెక్కలోని నాలుగు మెట్లలో ఎక్కువగా పై రెండింటి కొంత భాగమే ఇప్పుడు ఈ గుట్ట మీది కలెక్టరు కింద ఉంది. అధికారం తరిగినా ఊరు తరగలేదు. 2009లో వచ్చిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదట లాండిగుడలో పాఠాలు మొదలుపెట్టి తరువాత సునాబెడ చేరింది. 2017లో, క్విట్ ఇండియా ఉద్యమంలో భాగమైన మాథిలి పోరాటానికి 1943 మార్చి 29న బరంపురం జైలులో ఉరికంబమెక్కిన లక్ష్మణ్ నాయక్ పేరుతో వైద్య కళాశాల వచ్చింది.

దొరలు ఒక్కటి మాత్రం పూర్తిగా పైకి ఎత్తలేకపోయారు. జిల్లా జడ్జి కోర్టు జయపురంలో ఉంది. అందువల్ల భూమి తగాదా ఉన్న రైతు పట్టా కాగితం కోసం పొద్దున్నే ఘాటీ ఎక్కి కోరాపుట్ కచేరీకి వస్తాడు, వాయిదా ఉన్న రోజున అదే ఘాటీ దిగి జయపురం కోర్టుకు పోతాడు. రెండూ ఒకే రోజు పడితే మధ్యాహ్నం భోజనం బస్సులోనే.